పొదలు తొలగించి ఇనుమును చూపిన ప్రమథనాథ్ బోస్: ఖరగ్‌పూర్ పడమటి కొండల్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త

ఖరగ్‌పూర్ ఎర్ర నేల మీద నిలిచిన పట్టణం. రైల్వే కాలనీల్లోనైనా, హిజ్లీ వైపు ఐఐటీ ఆవరణలోనైనా పునాదికి గుంత తీస్తే మొదట పలుగుకు తగిలేది గట్టిపడిన లాటరైట్. దాని ఎరుపుకు కారణం అందులోని ఇనుము. ఈ పట్టణం నుంచి పడమరగా వంద కిలోమీటర్లు దాటి వెళ్తే నేడు ఒడిశాలో ఉన్న మయూర్‌భంజ్ జిల్లా కొండలు వస్తాయి. వాటిలో గోరుమహిసాని ఒకటి. నూట ఇరవై ఏళ్ల కిందట అది సాల వృక్షాలతో, వెదురు పొదలతో, తీగలతో కప్పుకుపోయి ఉండేది. ఆ పచ్చదనం కింద ఉన్నది మేలైన ఇనుప ఖనిజమని, అదీ అపారంగా ఉందని లెక్కగట్టి చెప్పినవారు ప్రమథనాథ్ బోస్. భారతదేశంలో భారీ ఉక్కు పరిశ్రమ పుట్టుకకు ఆయన రాసిన ఒక ఉత్తరం దారి చూపింది.

బోస్ పేరు జంషెడ్‌పూర్‌లో అందరికీ తెలుసు. ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అంతగా తెలియదు. ఆ కుటుంబాల పెద్దలు నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కొలువులకు వచ్చినవారు. రైల్వే జంక్షన్‌గా ఖరగ్‌పూర్ రూపుదిద్దుకున్నది 1898-1900 మధ్య కాలంలో. అటు తరువాత నాలుగైదేళ్లకే పడమటి కొండల ఇనుము సంగతి లోకానికి తెలిసింది. వర్క్‌షాపు, గూడ్సు బండ్లు, ఖనిజ రవాణా, వాటి చుట్టూ అల్లుకున్న జీవనోపాధి అంతా ఆ సంగతి తరువాత విస్తరించినదే. ఆ కారణంగా బోస్ జీవితం ఈ పట్టణపు చరిత్రలోనూ ఒక భాగమే.

గైపూర్ నుంచి లండన్‌కు

ప్రమథనాథ్ బోస్ 1855 మే 12న బెంగాల్‌లో గోబర్‌డాంగా సమీపాన ఉన్న గైపూర్ గ్రామంలో జన్మించారు. కృష్ణనగర్ కళాశాలలోనూ, కలకత్తా సెయింట్ జేవియర్స్ కళాశాలలోనూ చదివారు. 1874లో గిల్‌క్రైస్ట్ విద్యార్థి వేతనం పొంది ఇంగ్లండు వెళ్లారు. లండన్ విశ్వవిద్యాలయ పట్టా పుచ్చుకుని, ఆ తరువాత రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో భూగర్భ శాస్త్రం అభ్యసించారు. శివాలిక్ కొండల్లో దొరికిన మాంసాహార జంతువుల శిలాజాలపై ఆయన రాసిన వ్యాసం 1880లోనే వెలువడింది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు.

అదే సంవత్సరం ఆయన జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరారు. అంతకు ముందు ఆ సంస్థలో భారతీయులు లేకపోలేదు. 1870ల నుంచే కొందరు శిక్షణార్థులుగా, సహాయకులుగా పనిచేశారు. అయితే పై తరగతి అధికారిగా నియమితులైన తొలి భారతీయుడు బోసే. అప్పటి అధిపతి హెన్రీ మెడ్లికాట్. ఆయన తరువాత 1887లో ఆ పదవికి వచ్చిన విలియం కింగ్ తెలుగువారికి కొత్త కాదు. కడప, కర్నూలు ప్రాంతాల శిలలను పటంలోకి ఎక్కించి, 1870ల ఆరంభంలో ఇల్లందు వద్ద బొగ్గును గుర్తించినవారు ఆయనే. నేటి సింగరేణికి మూలం ఆ బొగ్గే.

1882లో బోస్ ప్రముఖ ఆర్థిక చరిత్రకారుడు రమేశ్ చంద్ర దత్ కుమార్తె కమలను వివాహమాడారు. వారి కుమారుల్లో ఒకరైన మధు బోస్ తరువాతి కాలంలో బెంగాలీ, హిందీ చలనచిత్ర దర్శకుడిగా పేరు తెచ్చుకున్నారు.

రాయి కనబడడమే మొదటి కష్టం

భూగర్భ శాస్త్రవేత్త పని అంటే సుత్తితో రాయి పగలగొట్టడమే అనుకుంటారు చాలామంది. సుత్తి వంతు వచ్చేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. వానలు సమృద్ధిగా కురిసే తూర్పు భారతంలో అసలు రాయి కంటబడటమే అరుదు. నూరు ఎకరాల కొండవాలులో రాయి నిజంగా బయటికి తేలి ఉన్న చోట్లు గదిలో పరచిన చాపంత కూడా ఉండకపోవచ్చు. మిగిలినదంతా మట్టి, ఆకుల చెత్త, వేళ్లు, తీగలు. తేలిన కాస్త రాయినీ నాచు కమ్ముతుంది. నాచు లేని చోట లైకెన్లు పొలుసుల్లా అంటుకుని ఉంటాయి. మన వంటింట్లో మసాలాకు వాడే రాతిపువ్వు ఆ జాతిదే. వీటన్నిటి కింద రాతి ఉపరితలం కూడా గాలికీ నీటికీ మారిపోయి ఉంటుంది. లోపల నల్లగా మెరిసే ఖనిజం పైకి మాత్రం మట్టి రంగులో, తుప్పు పట్టిన పెంకులా కనిపిస్తుంది.

ఈ కారణంగానే ఆనాటి సర్వే అధికారుల క్షేత్ర కాలం వానలు వెనుదిరిగిన తరువాత మొదలై, ఎండలు ముదిరే దాకా సాగేది. వానాకాలంలో వారు కలకత్తాకు చేరి నివేదికలు రాసుకునేవారు. కార్తీకంలో అడుగుపెడితే గడ్డి మనిషెత్తు ఉంటుంది. మాఘ ఫాల్గుణాలకు ఆకు రాలి, గడ్డి ఎండి, కొండ తన ఎముకలు చూపిస్తుంది. కార్చిచ్చు రేగిన వాలులు నల్లగా ఉన్నా రాయి మాత్రం స్పష్టంగా కనబడుతుంది. అడవికి నష్టమైన నిప్పు శాస్త్రవేత్తకు కొన్నాళ్లపాటు అక్కరకు వచ్చేది.

అయినా చేతిపని తప్పదు. ముందు కొడవళ్లతో, గొడ్డళ్లతో పొదలు, తీగలు కొట్టించాలి. రాతి పగుళ్లలోకి దిగిన వేళ్లను లాగితే రాయే ఊడి వస్తుంది. అలా ఊడి వచ్చిన రాయి తన చోట తాను ఉన్నది కాదు కాబట్టి దాని వాలును కొలవడం వ్యర్థం. అనుభవం ఉన్నవారు వేరును పీకరు, నేల మట్టానికి నరికి వదిలేస్తారు. తరువాత పారతో మట్టి పక్కకు తీయాలి. అదీ కొండ పై నుంచి దిగువకు సాగాలి. దిగువ నుంచి మొదలుపెడితే తీసిన మట్టి మళ్లీ అప్పటికే శుభ్రం చేసిన రాయి మీదే పడుతుంది. చివరన నాచును గీకి, గట్టి కుంచెతో రుద్ది, నీళ్లు పోసి కడగాలి. తడిసిన రాయిలో పొరలు, చారలు ఎండిన రాయిలోకన్నా బాగా తేలుతాయి. ఎర్ర జాస్పర్ చార, నల్ల ఇనుము చార ఒకదాని పక్కన ఒకటి వరుసగా సాగే శిలను చూడాలంటే ఒక కడవ నీళ్లు పోయడమే మేలైన ఉపాయం. ఆ నీటిని దిగువన ఉన్న వాగు నుంచి భుజాన మోసుకు రావాలన్న సంగతి నివేదికల్లో ఎక్కడా కనిపించదు. మోసినవారి పేర్లూ కనిపించవు.

పైతేలిన రాయి బొత్తిగా లేనిచోట కొండవాలుకు అడ్డంగా కందకాలు తవ్వాలి, లేదా గుంతలు తీయాలి. అంత వ్యయం అన్నిచోట్లా సాధ్యం కాదు. అందుకే శాస్త్రవేత్తలు ప్రకృతి ముందే శుభ్రం చేసి ఉంచిన చోట్లను వెతుకుతారు. వాగు కోసిన ఒడ్డులు, కొండచరియలు, ఊరి బావులు అటువంటివి. పందొమ్మిదో శతాబ్ది చివర వీటికి రైలుదారి తోడైంది. పట్టాలు వేయడానికి గుట్టలను కోసినప్పుడల్లా ఏ సర్వే సంస్థా భరించలేని ఖర్చుతో నిలువెత్తు రాతి గోడలు బయటపడ్డాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే తన దారి కోసం సింగ్‌భూమ్ కొండలను తొలిచినప్పుడు భూగర్భ శాస్త్రానికి కూడా తెలియకుండానే మేలు చేసింది. ఆ కోతల్లో ఏటా మొలిచే పిచ్చిమొక్కలను కొట్టే గ్యాంగ్‌మెన్‌లో తెలుగువారూ ఉండేవారు. రాయి రైలు మీద జారిపడకుండా చూడటమే వారి బాధ్యత. అయితే వారి కొడవలి ఆడినన్నాళ్లే ఆ గోడలు చదవడానికి వీలుగా ఉండేవి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కనిపించే శిలా విచ్ఛిత్తిని నేడు జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా కాపాడుతున్నారు. అక్కడ పాత గ్రానైట్ మీద ఎంతో కాలం తరువాత ఏర్పడిన కడప శిలలు పరచుకున్న తీరును ఎవరైనా నిలబడి చూడగలగడానికి అక్కడి నిటారు వాలూ, దారి కోసిన కోతా కారణాలు.

ఇరవై మూడేళ్ల నడక

బోస్‌కు తొలుత అప్పగించిన ప్రాంతం నర్మదా లోయ దిగువ భాగం. అక్కడ నల్లరేగడి కింద దక్కన్ లావా రాళ్లు, వాటి కింద సముద్రపు శిలాజాలు గల సున్నపురాళ్లు ఉన్నాయి. వాగుల ఒడ్డులను ఆధారం చేసుకుని ఆ సున్నపురాళ్లను ఆయన మూడు పొరలుగా విడదీశారు. 1884లో వెలువడిన ఆ విభజన బాగ్ శిలలను గురించిన చర్చల్లో నేటికీ ప్రస్తావనకు వస్తుంది.

తరువాత రాయ్‌పూర్ ప్రాంతం, జబల్‌పూర్ మాంగనీసు, డార్జిలింగ్ జిల్లా బొగ్గు, బర్మాలో తెనాసరిం, అస్సాం కొండలు. ఇవన్నీ తిరగడానికి గుర్రం, ఏనుగు, ఎడ్లబండి, అన్నిటికీ మించి కాలినడక. 1887లో రాయ్‌పూర్ జిల్లా పడమటి భాగంలోని ఇనుప పరిశ్రమ గురించి ఆయన ఒక నివేదిక ప్రకటించారు. ఆ నివేదిక విషయం గమనించదగ్గది. అది కొండల గురించి మాత్రమే కాక, ఆ కొండల రాయిని చిన్న చిన్న మట్టి కొలుముల్లో కరిగించి ఇనుము తీస్తున్న మనుషుల గురించి కూడా. ధల్లీ, రాజ్‌హరా కొండల ఖనిజ సంపద ఆ నివేదికతో శాస్త్ర లోకానికి పరిచయమైంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఖనిజాన్ని కనుగొన్నారు అనే మాటను చరిత్ర పుస్తకాలు తేలిగ్గా వాడేస్తాయి. మధ్య భారతంలోనూ, సింగ్‌భూమ్, మయూర్‌భంజ్ అడవుల్లోనూ ఇనుము కరిగించే గిరిజనులకు ఏ వాలులో మంచి రాయి ఉందో తరాలుగా తెలుసు. తెలుగు నేల మీద నిజామాబాద్ జిల్లా కొనసముద్రం ఉక్కు సముద్రాలు దాటి వెళ్లిన కాలంలో యూరప్ శాస్త్రవేత్తల సర్వేలేవీ లేవు. బోస్ వంటివారు చేసినది వేరే పని. కొలుముకు సరిపడే గంపెడు రాయి ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు జవాబు స్థానికుల దగ్గర ఉంది. ఆ రాయి నేలలోకి ఎంత లోతు దిగింది, ఎంత దూరం సాగింది, ఒక పెద్ద కార్ఖానాను యాభై ఏళ్లు పోషించగలదా అన్న ప్రశ్నలకు జవాబు కావాలంటే పొర వాలు, మందం, విస్తీర్ణం కొలవాలి. అందుకే పొదలు కొట్టించడం, మట్టి తీయించడం అవసరమయ్యాయి.

1899 ప్రాంతంలో ఆయన బస్తర్ అడవుల్లోని బైలాడీలా కొండల్లో ఇనుప ఖనిజాన్ని నమోదు చేశారు. ఎద్దు మూపురాన్ని తలపించే రూపం వల్ల ఆ పర్వతానికి ఆ పేరు. ఆనాడు అక్కడికి చేరడమే ఘనకార్యం. ఆ ఖనిజానికి వెల వచ్చేసరికి మరో అరవై ఏళ్లు పట్టింది. 1960ల చివర కిరందుల్ నుంచి కొత్తవలసకు కొండలు తొలిచి రైలుదారి వేశారు. నాటి నుంచి బైలాడీలా ఇనుము అరకు సొరంగాల గుండా విశాఖ రేవుకు, తరువాత విశాఖ ఉక్కు కర్మాగారానికి చేరుతోంది. గనులు నడిపే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. అరకు రైలెక్కినవారు ఎదురుగా వచ్చే ఖనిజపు బండ్లను చూసే ఉంటారు. వాటి కథ మొదటి పుటల్లోనూ బోస్ పేరు ఉంది.

పదవి దక్కలేదు

1903లో జియోలాజికల్ సర్వే అధిపతి స్థానం ఖాళీ అయింది. సర్వీసు లెక్కన చూస్తే బోస్ ఇరవై మూడేళ్లు పూర్తి చేశారు. ప్రభుత్వం ఆ పదవిని థామస్ హాలండ్‌కు ఇచ్చింది. హాలండ్ సర్వేలో చేరినది 1890లో, అంటే బోస్‌కన్నా పదేళ్లు చిన్నవాడు. శాస్త్రవేత్తగా హాలండ్ సామాన్యుడు కాడు. కలకత్తా స్థాపకుడిగా చెప్పుకునే జాబ్ చార్నాక్ సమాధి రాయిని పరీక్షించి, ఆ రకం శిలకు చార్నోకైట్ అని పేరు పెట్టినది ఆయనే. తూర్పు కనుమల్లో ఆ శిల విస్తారంగా ఉంది. హాలండ్ యోగ్యుడన్న మాట నిజమే. భారతీయుడు కావడం బోస్‌కు అడ్డయిందన్న మాటను కూడా ఆనాటి పాలన తీరు తెలిసినవారెవరూ కొట్టిపారేయలేరు. పై తరగతిలో భారతీయుణ్ణి చేర్చుకోవడానికే ఒక తరం పట్టిన సంస్థలో, ఇంగ్లీషు అధికారులు భారతీయుడి కింద పనిచేయడం ఊహకు అందని సంగతి.

బోస్ అర్జీలు పెట్టుకుంటూ కూర్చోలేదు. అదే ఏడాది ఉద్యోగం వదిలారు. అప్పటికి ఆయనకు నలభై ఎనిమిదేళ్లు. మయూర్‌భంజ్ సంస్థానాధిపతి శ్రీరామచంద్ర భంజ్‌దేవ్ తన రాజ్యంలోని ఖనిజాలను పరిశీలించే బాధ్యత అప్పగించగా అంగీకరించారు. రైలు అప్పటికి ఖరగ్‌పూర్ దాకా వచ్చింది. కలకత్తా నుంచి బాలాసోర్ వైపు దిగి మయూర్‌భంజ్ చేరాలన్నా, పడమరగా కాలిమాటి వైపు వెళ్లి ఉత్తరం నుంచి ఆ కొండలు ఎక్కాలన్నా రైలుదారి ఖరగ్‌పూర్ జంక్షన్ మీదుగానే.

గోరుమహిసాని

మయూర్‌భంజ్ కొండల శిలల వయసు మూడు వందల కోట్ల ఏళ్లకు పైబడినది. భూమి మీద బాగా పాత రాళ్లలో అవి చేరుతాయి. ఈ లెక్క బోస్ కాలానికి తెలియదు. ఆయన చూసినది అడవి కప్పిన కొండ, దాని వాలుల మీద దొర్లిపడి ఉన్న బరువైన రాళ్లు.

దొర్లిన రాయి ఒక జాడ. అది పై నుంచి వచ్చింది కాబట్టి దాన్ని పట్టుకుని పైకి వెళ్తూ ఉండాలి. రాళ్లు ఎక్కడ ఆగిపోతాయో, దానికి కాస్త ఎగువన మూల శిల దాగి ఉండాలి. అక్కడ పొదలు కొట్టించి, మట్టి తీయించి చూడాలి. వినడానికి తేలికే. ఈ ప్రాంతంలో ఒక పెద్ద చిక్కు ఉంది. లాటరైట్ కూడా ఎర్రగా, బరువుగా, ఇనుముతో నిండి ఉంటుంది. కొండంతా ఇనుమేనని భ్రమపడి చివరికి నాలుగడుగుల లాటరైట్ పెంకు మాత్రమే ఉందని తేలిన సందర్భాలు గనుల చరిత్రలో ఎన్నో. అందుకే తాజా ముక్కను మెరుగు లేని పింగాణీ బిళ్ల మీద గీసి చూస్తారు. హెమటైట్ అయితే గీత ఎర్రగా పడుతుంది, మాగ్నటైట్ అయితే నల్లగా, లాటరైట్‌లో ఎక్కువగా ఉండే లిమొనైట్ అయితే పసుపు కలిసిన గోధుమ రంగులో పడుతుంది. గీత గీయడానికి పైపొర పనికిరాదు. నాచు తీసి, తుప్పు పెంకు పగలగొట్టి లోపలి ముఖం చూపాలి.

అయస్కాంత గుణం గల మాగ్నటైట్ ఉన్నచోట దిక్సూచి ముల్లు కూడా మాట వినదు. సర్వే అధికారికి ముఖ్యమైన ఆ పరికరం తాను వెతుకుతున్న వస్తువు దగ్గరకు రాగానే దారి తప్పుతుంది. ముల్లు పక్కకు లాగబడటమే ఖనిజం ఉనికికి ఒక సాక్ష్యం అన్నది వేరే సంగతి. అటువంటి చోట దూరపు శిఖరాలను గురి చూసి, కోణాలు లెక్కగట్టి దిశ తేల్చుకోవాలి. అడవి దట్టంగా ఉంటే ఆ గురికి కూడా చెట్ల మధ్య దారి కొట్టించాలి.

రాళ్లను సన్నని రేకులుగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పరీక్షించే పద్ధతిని భారతదేశంలో ప్రోత్సహించినవారిలో బోస్‌ను ముందు వరుసలో చెబుతారు. ఆ పరీక్షకు వెళ్లే ముక్క చెడని లోపలి రాయి అయి ఉండాలి. కొండ మీద కడిగిన చేతికీ, కలకత్తాలో సూక్ష్మదర్శినిలోకి చూసిన కంటికీ మధ్య ఈ విధంగా నేరుగా సంబంధం ఉంది.

గోరుమహిసానిలోనూ, చుట్టుపక్కల కొండల్లోనూ మేలైన ఖనిజం విస్తారంగా ఉందని నిశ్చయించుకున్న తరువాత, 1904 ఫిబ్రవరి 24న బోస్ జంషెడ్‌జీ టాటాకు ఉత్తరం రాశారు. మయూర్‌భంజ్‌లో ఉన్న ఇనుము గురించి, ఝరియా బొగ్గు దానికి దగ్గరగా ఉండటం గురించి అందులో తెలియజేశారు. ఉక్కు తయారీలో ఈ రెండో సంగతి మొదటిదానంత విలువైనది. ఇనుప కొండ ఎంత పెద్దదైనా బొగ్గు, నీరు, రైలు దగ్గర లేకపోతే అది అడవిలో కొండగానే మిగులుతుంది. బైలాడీలా అలాగే మిగిలింది.

ఉత్తరం తరువాత

టాటా అప్పటికి ఇరవై ఏళ్లుగా ఉక్కు ఆలోచనలో ఉన్నారు. చాందా జిల్లా లోహారా ఖనిజాన్ని పరిశీలింపజేశారు. అమెరికా నుంచి వచ్చిన సి.ఎం. వెల్డ్ అనే నిపుణుడు అక్కడ సరిపడా ఖనిజం లేదని తేల్చారు. తరువాత దోరాబ్జీ టాటా నాగ్‌పూర్ సంగ్రహాలయంలో భూగర్భ పటం చూసి, దుర్గ్ ప్రాంతంలో ఇనుము గుర్తు గమనించారని, ఆ జాడ పట్టుకుని వెల్డ్ బృందం ధల్లీ రాజ్‌హరా చేరిందని టాటా సంస్థ చరిత్ర చెబుతుంది. ఆ ప్రాంతాన్ని పదిహేడేళ్ల ముందే నివేదించినది బోస్. ఒకే మనిషి నడిచిన రెండు చోట్ల మధ్య ఆ సంస్థ ఎంపిక చేసుకోవలసి వచ్చింది.

జంషెడ్‌జీ 1904 మేలో జర్మనీలో కన్నుమూశారు. పని ఆయన కుమారుడు దోరాబ్జీ చేతికి వచ్చింది. వెల్డ్, మరో అమెరికన్ నిపుణుడు పెరిన్‌తో కలిసి ఆయన మయూర్‌భంజ్ కొండలు చూశారు. బోస్ చెప్పిన మాట నిజమని తేలింది. ధల్లీ రాజ్‌హరాను పక్కన పెట్టి గోరుమహిసానిని ఎంచుకున్నారు. 1907 ఆగస్టులో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. సుబర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటికి దగ్గరగా, కాలిమాటి స్టేషన్ సమీపాన సాక్చీ గ్రామం వద్ద కర్మాగారం లేచింది. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె సాగింది. 1919లో సాక్చీ జంషెడ్‌పూర్ అయింది, కాలిమాటి స్టేషన్ టాటానగర్ అయింది. ఖరగ్‌పూర్ నుంచి అటు వెళ్లే దారి దేశంలో సరుకు రద్దీ ఎక్కువగా గల మార్గాల్లో ఒకటిగా మారింది.

పక్కన పెట్టిన ధల్లీ రాజ్‌హరా వృథా కాలేదు. 1950ల చివర ప్రారంభమైన భిలాయి ఉక్కు కర్మాగారం దాని మీదే నిలిచింది. జంషెడ్‌పూర్, భిలాయి, విశాఖ మూడింటి ఖనిజం వెనుక ఒకే సర్వే అధికారి క్షేత్ర పుస్తకాలు ఉండటం కాకతాళీయం కాదు. ఆయన ఇరవై మూడేళ్లు ఇనుము మీద కన్ను వేసి నడిచారు.

ఈ అభివృద్ధికి మరో ముఖం ఉంది. గోరుమహిసాని చుట్టూ ఉన్న సంతాల్, హో, భూమిజ్ గ్రామాలవారు ఆ కొండ సొంతదారుల్లా బతికినవారు. గని తెరిచిన తరువాత అదే కొండ మీద కూలీలయ్యారు. పొదలు కొట్టినది, మట్టి తీసినది, ఆపైన ఖనిజం మోసినది ఎక్కువగా వారే. పాత పద్ధతి కొలుములు కార్ఖానా ఇనుము ముందు నిలవలేక ఆరిపోయాయి.

బోధన, రచన, రాంచీ

బోస్ జీవితాన్ని ఒక్క ఉత్తరానికి కుదించడం అన్యాయం. ఏషియాటిక్ సొసైటీ నూరేళ్ల చరిత్రలో ప్రకృతి శాస్త్రాల భాగం రాసినది ఆయనే. బ్రిటిష్ పాలనలో హిందూ నాగరికత గురించి 1894-96 మధ్య మూడు సంపుటాలు వెలువరించారు. విజ్ఞాన శాస్త్రం చదివిన యువకులకు పని చూపే పరిశ్రమలు దేశంలో రావాలని 1891లోనే కలకత్తాలో పారిశ్రామిక సభ నిర్వహించారు. స్వదేశీ ఉద్యమ వేళ 1906లో ఏర్పడిన బెంగాల్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ సంస్థే మార్పులు చెంది 1955లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంగా అవతరించింది.

చివరి దశాబ్దాలు రాంచీలో గడిపారు. ఆ కాలపు రచనలు చదివేవారికి ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. 1916లో వచ్చిన నవభారత భ్రమల గురించిన పుస్తకంలోనూ, 1929లో వచ్చిన స్వరాజ్య గ్రంథంలోనూ ఆయన పాశ్చాత్య పద్ధతి జీవనాన్ని గుడ్డిగా అనుకరించడాన్ని విమర్శించారు. పరిశ్రమలు రావాలని యౌవనంలో సభలు పెట్టిన మనిషి, దేశపు తొలి భారీ ఉక్కు కర్మాగారానికి ఖనిజం చూపిన మనిషి, యంత్ర నాగరికత మనుషులకు ఏమి చేస్తుందోనని వృద్ధాప్యంలో సందేహించారు. దీన్ని వైరుధ్యమని కొందరు తేల్చేస్తారు. రాంచీ నుంచి జంషెడ్‌పూర్ ఎంతో దూరం లేదు. సాక్చీ గ్రామం పాతికేళ్లలో పొగ గొట్టాల నగరంగా మారడం ఆయన కళ్ల ముందే జరిగింది. ఆ సందేహానికి కారణాలు పుస్తకాల్లోకన్నా ఆ ఆకాశంలో వెతకడం సబబు.

1934 ఏప్రిల్‌లో రాంచీలో ప్రమథనాథ్ బోస్ కన్నుమూశారు. జంషెడ్‌పూర్‌లో ఆయన విగ్రహం ఉంది. ఏటా మే 12న అక్కడ పూలమాలలు వేస్తారు.

ఆయన పోయిన పదిహేడేళ్లకు, 1951లో, ఖరగ్‌పూర్‌లో ఒకప్పటి హిజ్లీ నిర్బంధ శిబిరం భవనాల్లో దేశపు తొలి ఐఐటీ మొదలైంది. అక్కడి భూగర్భ శాస్త్ర విభాగం వారికి సింగ్‌భూమ్ కొండలు చేరువలోని ప్రయోగశాల. ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలున్నాయి, చేతిలో ఇమిడే దిశా నిర్ణయ పరికరాలున్నాయి. పద్ధతులు కూడా కొంత మారాయి. దశాబ్దాలు పట్టి పెరిగిన లైకెన్‌ను అవసరం లేకుండా గీకవద్దని, పది మందికి పాఠం చెప్పే రాతి ముఖాన్ని సుత్తితో పాడుచేయవద్దని, తీసిన మట్టిని పని కాగానే తిరిగి కప్పాలని నేటి ఉపాధ్యాయులు చెబుతారు. ఉపగ్రహం మాత్రం ఆకుల కింది రాతి వాలును కొలవలేదు. వానలు వెళ్లాక కొండ చేరిన బృందం సంచిలో నుంచి ముందుగా తీసేది ఇప్పటికీ కొడవలి, దాని తరువాత కుంచె, ఒక సీసా నీళ్లు.